మూడు నెలలైనా మానని అరికాలి పుండు: ఏ మందు పూయాలి?

ప్రశ్న: డాక్టరమ్మా, మాది కోడుమూరు దగ్గర ఒక పల్లె. మా మామకు 61 ఏళ్ళు. షుగర్ వచ్చి 14 ఏళ్ళయింది. మూడు నెలల కిందట కుడి అరికాల్లో, బొటనవేలి మొదట్లో పుండు పడింది. ఇప్పుడు రూపాయి బిళ్ళంత ఉంది. చుట్టూ తెల్లగా, మందంగా తోలు కట్టింది. రసి కారుతుంది గానీ నొప్పి అస్సలు లేదంటాడు. మా ఊరి ఆర్‌ఎంపీ రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి, నురగ వచ్చేదాకా కడిగి కట్టు కడుతున్నాడు. ఇప్పటికి నాలుగు ఆయింట్‌మెంట్లు మార్చాం, రెండుసార్లు ఇంజెక్షన్ల కోర్సు కూడా అయింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపిస్తే వేలు తీసేయాలన్నారు. పప్పు, గుడ్డు, వంకాయ తింటే చీము పడుతుందని మా అత్త పెట్టనివ్వదు. మామ పొద్దున లేస్తే ఉల్లి చేనికి పోతాడు, ఎంత చెప్పినా వినడు. బీడీ మానడు. పరగడుపున షుగర్ 210, మూడు నెలల సగటు చెప్పే పరీక్ష 10.2 వచ్చింది. ఏ మందు పూస్తే ఈ పుండు మానుతుంది? వేలు తీయించాలా? ఏం చేయాలో తోచడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక కోడలు, కర్నూలు జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో మీకు తెలియకుండానే జవాబు సగం రాసేశారు. అది ఎక్కడుందో తర్వాత చెప్తాను. ముందు ఈ కాగితం పక్కన పెట్టి ఒక పని చేయండి. మంచి వెలుతురులో ఆయన పాదం చూడండి. పుండు చుట్టూ ఎరుపు పాకుతున్నా, పాదం వాచి వేడిగా ఉన్నా, కుళ్ళు వాసన వస్తున్నా, వేలు గానీ చర్మం గానీ నల్లబడుతున్నా, నొక్కితే చర్మం కింద బుడగలు చిటపటలాడినట్టు అనిపించినా ఈ రోజే కర్నూలుకు బయలుదేరండి. చలిజ్వరం వచ్చినా, వాంతులైనా, షుగర్ ఉన్నట్టుండి 300 దాటినా అంతే. రేపు పొద్దున బస్సుకు పోదామని ఆగొద్దు. చీము పాదం లోపల స్నాయువుల వెంబడి పైకి పాకుతుంది. పొద్దున వేలి దగ్గర ఉన్నది రాత్రికి మడమ దాకా పోవడం నేను చూశాను. అలాంటప్పుడు చీము వెంటనే బయటికి తీస్తేనే కాలు, ప్రాణం రెండూ దక్కుతాయి. షుగర్ రోగికి లోపల చీము ఉన్నా ఒక్కోసారి జ్వరం రాదు. అందుకని జ్వరం లేదు కదా అని ధీమాగా ఉండకూడదు.

ఇవేవీ లేకపోతే ఊపిరి పీల్చుకోండి. మనకు టైం ఉంది. అయినా వారం దాటించకండి.

ఇప్పుడు ఆ సగం జవాబు సంగతి. "నొప్పి అస్సలు లేదంటాడు", "పొద్దున లేస్తే ఉల్లి చేనికి పోతాడు" అని రాశారు. పుండు మానకపోవడానికి కారణం ఈ రెండు మాటల్లోనే ఉంది. అరికాల్లో రూపాయి బిళ్ళంత గుంత పడిన మనిషి చేనికి నడిచి పోగలుగుతున్నాడంటే ఆ పాదంలో నరాలు మొద్దుబారిపోయాయి. మనకు కాల్లో చిన్న ముల్లు గుచ్చుకుంటే ఆ కాలు కింద పెట్టం, కుంటుతాం. మనం కుంటుతున్నంతసేపూ ఆ చోటికి విశ్రాంతి దొరుకుతుంది, గాయం మానుతుంది. ఆయన కుంటడం లేదు. ఒంటి బరువంతా ప్రతి అడుగుకూ సరిగ్గా ఆ పుండు మీదే పడుతోంది. రోజుకు ఐదు వేల అడుగులు వేస్తే కుడికాలు రెండున్నర వేల సార్లు నేలకు తాకుతుంది. రాత్రంతా కొత్తగా పుట్టిన లేత కండ పొద్దున చేను చేరేలోపే నలిగిపోతోంది. దాని మీద నాలుగు కాదు, నలభై ఆయింట్‌మెంట్లు మార్చినా ఫలితం ఒకటే.

ఈ పొరపాటు నేనూ చేశాను. కొత్తగా ప్రాక్టీసు పెట్టినప్పుడు ఆదోని వైపు నుంచి ఒక హమాలీ వచ్చేవాడు. మునిపాదం, అంటే పాదం ముందుభాగం కింద పుండు. రెండు నెలలు మందులు మార్చాను, శుభ్రం చేశాను, షుగర్ దించాను. పుండు కొంచెం తగ్గేది, మళ్ళీ పెరిగేది. ఒకరోజు ఆయన బల్ల మీద పడుకుని ఉండగా కింద ఆయన చెప్పు నా కాలికి తగిలి బోర్లా పడింది. టైరు అట్టలో ఒక మేకు తల కనిపించింది. తిప్పి చూస్తే దాని మొన లోపలివైపు గోరంత పైకి లేచి ఉంది. దాని చుట్టూ ఎండిన రక్తంతో నల్లటి మచ్చ. సరిగ్గా పుండు ఉన్నచోటే. రెండు నెలలుగా ఆయన ఆ మేకు మీద నడుస్తున్నాడు, ఆయనకు తెలియదు. రెండు నెలలుగా నేను పాదం ఒక్కటే చూశాను, చెప్పు చూడలేదు. ఆ రోజు నుంచి షుగర్ రోగి నా దగ్గరికి వస్తే ముందు చెప్పులు చేతిలోకి తీసుకుని, లోపల వేలు పెట్టి తడిమి చూస్తాను. మీరూ ఇప్పుడే మీ మామగారి చెప్పు తీసి చూడండి. బొటనవేలి మొదట్లో అట్ట గుంట పడి, మరక కట్టి ఉంటుంది.

మొద్దుబారడం ఎంతవరకు ఉందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్‌లో డాక్టర్లు కనిపెట్టిన పద్ధతి ఇది, దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. ఆయన్ని పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి. మీ చూపుడు వేలి కొసతో రెండు కాళ్ళకూ బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు, మొత్తం ఆరు చోట్ల ఒక్కొక్కటి ఒకటి రెండు సెకన్లు మెల్లగా తాకండి. నొక్కొద్దు, రుద్దొద్దు. తాకినప్పుడల్లా "ఆ" అనమనండి. ఆరింట్లో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ పోయినట్టే. ఆసుపత్రిలో ఇదే పనికి సన్నని నైలాన్ దారం వాడతారు. మనవడినో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. తాకినా తాతకు తెలియలేదని పిల్లలు చెప్తే ఆయన మనసుకు పట్టినంతగా నా మాట పట్టదు.

ఇక వైద్యం. మొదటిది, అన్నిటికన్నా పెద్దది, పుండు మీద బరువు పడకుండా చేయడం. దీన్ని మనకు నేర్పింది కుష్ఠు రోగులు. 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ వాళ్ళ చేతులు, కాళ్ళు చూస్తూ ఒక సంగతి గమనించారు. కుష్ఠు వల్ల వేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోవడం లేదు. నొప్పి తెలియక దెబ్బ మీద దెబ్బ తగిలించుకోవడం వల్ల పోతున్నాయి. అరికాలి పుండుకు మోకాలి కింది నుంచి పిండికట్టు వేసి బరువు పాదమంతా సమానంగా పరచుకునేలా చేస్తే, ఏళ్ళ తరబడి మానని పుండ్లు కూడా వారాల్లో మూసుకుపోయాయి. ఈ రోజు ప్రపంచమంతటా షుగర్ వల్ల మొద్దుబారిన పాదానికి, మునిపాదం కింద పుండు పడితే మొదట చేయమనేది ఇదే: మోకాలి దాకా, రోగి తనంతట తాను విప్పుకోలేని పిండికట్టు గానీ బూటు గానీ వేయడం. మామూలు ఎముక విరిగినప్పుడు వేసే కట్టులా దీన్ని వేయకూడదు. లోపల దూది తక్కువ ఉంటుంది, పాదం ఆకారానికి అచ్చంగా అతుక్కుని ఉంటుంది. చేతకాని చెయ్యి వేస్తే అదే కొత్త పుండు పెడుతుంది. అందుకని వేయడం వచ్చినవాళ్ళే వేయాలి. మొదటి కట్టు కొద్ది రోజుల్లోనే విప్పి చూడాలి, ఆ తర్వాత వారం వారం మార్చాలి. మన ఎండల్లో అది కష్టమే, దురద పెడుతుంది, చెమట పడుతుంది. అయినా చాలామందికి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పని అయిపోతుంది.

"విప్పుకోలేని" అని ఎందుకంటున్నానంటే, విప్పుకునే బూటు ఇస్తే విప్పేస్తారు. అమెరికాలో ఒక పరిశోధనలో రోగులకు తెలియకుండా అడుగులు లెక్కపెట్టే యంత్రం పెట్టి చూస్తే, రోజంతా వేసే అడుగుల్లో 28 శాతం మాత్రమే ఆ బూటు వేసుకుని వేశారు. బయటికి పోయేటప్పుడు వేసుకుంటారు, ఇంట్లో తీసేస్తారు. ఇంట్లో నడిచేదీ నడకే. వంటింటి దాకా, బాత్‌రూం దాకా, రాత్రి లేచి దొడ్డి దాకా పోయే అడుగులన్నీ పుండుకు లెక్కే.

పిండికట్టు వేసేవాళ్ళు దొరకకపోతే, లేదా రక్తప్రసారం తక్కువగా ఉండో, చీము ఎక్కువగా ఉండో కట్టు వేయకూడదంటే, వేరే దారులున్నాయి. పుండు చుట్టూ మందపాటి ఫెల్ట్ మెత్త అంటించి, పుండు ఉన్నచోట ఖాళీ వదిలి కట్టు కడతారు. ముందుభాగం నేలకు ఆనకుండా మడమ మీద నడిపించే చెప్పులు ఉన్నాయి. చంక కర్రలు గానీ వాకర్ గానీ తప్పనిసరి. మీ ఇంట్లో నేల మీద కూర్చునే దొడ్డి ఉంటే ఈ రోజే ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ కొనండి. గొంతుకూర్చున్నప్పుడు బరువంతా మునిపాదం మీద, అంటే సరిగ్గా ఆయన పుండు ఉన్నచోటే పడుతుంది. ఈ చిన్న సంగతి డాక్టర్లం కూడా అడగడం మరిచిపోతాం.

రెండోది రక్తం. మందు గానీ, ఆక్సిజన్ గానీ, తిన్న తిండి గానీ పుండు దగ్గరికి చేరేది రక్తంలోనే. పాదం పైన ఒక నాడి, లోపలి చీలమండ వెనక ఒక నాడి కొట్టుకుంటుంటాయి. డాక్టరు వేళ్ళు పెట్టి చూడాలి. చేతి బీపీనీ చీలమండ దగ్గరి బీపీనీ పోల్చే పరీక్ష ఒకటి ఉంది. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కన్నా తక్కువ వచ్చిందంటే రక్తనాళాల్లో అడ్డం ఉందని అర్థం. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళకు రక్తనాళాలు సున్నం పట్టి గట్టిపడతాయి, అప్పుడు ఆ అంకె బాగున్నట్టు అబద్ధం చెప్తుంది. అందుకని కాలి డాప్లర్ స్కాన్ చేయించమని అడగండి. అడ్డం ఉంటే గుండెకు చేసినట్టే కాలికీ బెలూన్, స్టెంట్, బైపాస్ చేస్తారు. బీడీ సంగతి ఇక్కడే చెప్పాలి. ఆయన పీల్చే ప్రతి బీడీ పాదానికి పోయే సన్నని నాళాలను ఇంకా బిగిస్తుంది. తగ్గించడం వల్ల పెద్దగా లాభం లేదు. పూర్తిగా మానాలి. ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా చెప్పలేను.

వేలు తీయించాలా అని అడిగారు. చూడకుండా అవును, కాదు అని చెప్తే నేను తప్పు చేసినదాన్నవుతాను. వేలు తీయడమే సరైన పని అయ్యే సందర్భాలు ఉన్నాయి. వేలు నల్లబడి కుళ్ళి చీము పడితే తీయాలి, ఆలస్యం చేస్తే పాదమే పోతుంది. కానీ మీరు రాసినదాన్ని బట్టి అంత స్థితి కనిపించడం లేదు. కాబట్టి మళ్ళీ ఆసుపత్రికి పోయినప్పుడు మూడు సంగతులు అడగండి. శుభ్రమైన ఇనుప పుల్లతో పుండు లోపల తడిమి చూశారా, ఎముక గట్టిగా తగిలిందా? ఎక్స్‌రేలో ఎముక పాడైనట్టుందా? కాలికి రక్తం సరిగా వస్తోందని పరీక్ష చేశారా? ఎముకకు చీము పట్టినా ప్రతిసారీ వేలు తీయనక్కర్లేదు. పాడైన ఎముక ముక్క వరకే తీయడమో, ఆరు వారాల దాకా యాంటీబయాటిక్ ఇచ్చి చూడడమో కూడా దారులే. రక్తం చాలని కాలికి ఆ సంగతి చూడకుండా వేలు తీస్తే, ఆ కోత కూడా మానదు. అప్పుడు పాదం, తర్వాత మోకాలు. బొటనవేలు పోతే నడకలో బరువు పక్క వేళ్ళ మొదట్లోకి జరిగి అక్కడ కొత్త పుండు పడే ప్రమాదమూ ఉంది. ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడానికి మొహమాట పడకండి. కర్నూలు పెద్దాసుపత్రిలో సర్జరీ ఓపీకి పోండి. రిపోర్టులన్నీ, మందుల చీటీలన్నీ, ఆయన రోజూ వేసుకునే చెప్పులు కూడా సంచిలో పెట్టుకుపోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆ పథకం పని చూసేవాళ్ళను కలిసి, ఏది వర్తిస్తుందో ముందే కనుక్కోండి.

మూడోది పుండును శుభ్రం చేయడం. చుట్టూ కట్టిన ఆ తెల్లటి మందపాటి తోలు, దాన్నే ఆనె అంటాం, లోపల రాయి పెట్టినట్టే. బరువు ఇంకా పెంచుతుంది, కింద చీమును దాచిపెడుతుంది. సర్జన్ బ్లేడుతో దాన్నీ, లోపలి చచ్చిన కండనూ గీకి తీసేయాలి. తీసేటప్పుడు కొంచెం రక్తం వస్తుంది, భయపడకండి. ఎర్రటి రక్తం కనిపించిందంటే ప్రాణమున్న కండ తగిలిందని అర్థం. ఇది ఒక్కసారితో అయ్యేది కాదు, వారం రెండు వారాలకోసారి చేయాల్సి రావచ్చు. ఇంట్లో గడ్డం గీసే బ్లేడుతో మాత్రం ఎవరూ గీకొద్దు. ఆనెకాయలకు షాపులో అమ్మే మందు బిళ్ళలు అస్సలు అంటించొద్దు. వాటిలో చర్మాన్ని కాల్చే ఆమ్లం ఉంటుంది.

ఇక ఆ నురగ. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుస పొంగుతుంది, మురికంతా పోతున్నట్టు కంటికి నిండుగా ఉంటుంది. అది క్రిములనే కాదు, పుండు అంచుల్లో కొత్తగా పుడుతున్న కణాలను కూడా చంపుతుంది. డెటాల్, స్పిరిట్ కూడా అంతే. రోజూ వాటితో కడగడమంటే మొలకెత్తిన నారును రోజూ పీకి చూసినట్టే. ఆర్‌ఎంపీ గారి మీద కోపం పెట్టుకోకండి, రోజూ మీ ఇంటికొచ్చి కట్టు కడుతున్న మనిషి ఆయన. నా మాటగా ఈ సంగతి చెప్పండి. మందుల షాపులో దొరికే సెలైన్‌తో, లేదా మరగకాచి చల్లార్చిన నీళ్ళతో కడిగితే చాలు. పైన శుభ్రమైన గాజు గుడ్డ వేయాలి. పుండు మరీ ఎండిపోకూడదు, మరీ నానిపోకూడదు. రసి ఎక్కువ కారుతుంటే పీల్చుకునే డ్రెస్సింగ్, పొడిగా ఉంటే సెలైన్‌తో తడిపి పిండిన గాజు గుడ్డ. దూది నేరుగా పెట్టొద్దు, పోగులు అంటుకుంటాయి. పసుపు, సున్నం, కాఫీ పొడి, ఆకు పసరు ఏవీ వద్దు. పాదాన్ని నీళ్ళలో నానబెట్టొద్దు. వేడినీళ్ళు అసలే వద్దు, కాలినా ఆయనకు తెలియదు.

వేలల్లో ఖరీదు చేసే జెల్‌లు, వెండి కలిపిన క్రీములు, పుండు మీద గొట్టం పెట్టి పీల్చే వాక్యూమ్ కట్టు గురించి కూడా మీకెవరో ఒకరు చెప్తారు. వాక్యూమ్ కట్టు ఆపరేషన్ చేసి తెరిచిన పెద్ద గాయాలకు బాగా పనికొస్తుంది. మిగతావాటిలో కొన్ని కొందరికి మేలు చేయొచ్చు. కానీ బరువు తీయకుండా, రక్తం చూడకుండా, ఆనె గీకకుండా వాటి మీద డబ్బు పెడితే, ఉల్లి పంట మీద వచ్చినదంతా పోతుంది గానీ పుండు పోదు. ముందు ఈ పనులన్నీ జరగాలి. అప్పటికీ మానకపోతే వాటి గురించి ఆలోచించవచ్చు.

యాంటీబయాటిక్‌ల గురించి ఒక మాట. పుండు ఉన్నంత మాత్రాన ఇంజెక్షన్లు అక్కర్లేదు. ఎరుపు, వాపు, వేడి, చీము ఉంటేనే కావాలి, అప్పుడు కూడా కండ వరకే అయితే సాధారణంగా ఒకటి రెండు వారాలు చాలు. ఊరికే కోర్సు మీద కోర్సు వేస్తే మొండి క్రిములు మిగిలి, నిజంగా అవసరమైన రోజు మందు పని చేయకుండా పోతుంది. చీము పరీక్షకు పంపేటప్పుడు పైపైన దూదితో తుడిచి పంపడం కాదు, శుభ్రం చేశాక లోపలి కండ ముక్క తీసి పంపాలి. టీటీ ఇంజెక్షన్ వేయించి ఎన్నాళ్ళయిందో కూడా చూసుకోండి.

మూడు నెలల సగటు షుగర్ 10.2 అంటే చాలా ఎక్కువ. ఆ స్థాయిలో ఒంట్లో తెల్ల రక్తకణాలు క్రిములతో సరిగా పోరాడలేవు. పుండు మానేదాకా ఇన్సులిన్ వేయమని డాక్టరు చెప్తే ఒప్పుకోండి. "ఇన్సులిన్ మొదలుపెడితే ఇక జీవితాంతం" అని ఊళ్ళో అంటారు. చాలామందికి పుండు మాని, షుగర్ దిగాక మళ్ళీ మాత్రలతో సరిపెట్టిన సందర్భాలు నా దగ్గరే ఉన్నాయి.

మీ అత్తగారి పథ్యం విషయానికొస్తే, ఆమె ప్రేమతోనే చెప్తున్నారు. మా అమ్మ కూడా అదే చెప్పేది. కానీ చీము వచ్చేది క్రిముల వల్ల. పప్పు వల్ల కాదు, వంకాయ వల్ల కాదు. కొత్త కండ పుట్టాలంటే ప్రోటీన్ కావాలి. పప్పు, గుడ్డు మాన్పించి ఉత్త సంగటి, పచ్చి పులుసుతో సరిపెడితే పుండుకు ఇటుకలే లేవు, గోడ ఎట్లా లేస్తుంది? రోజూ గట్టి పప్పు, ఒక గుడ్డు, గుప్పెడు ఉడకబెట్టిన బుడ్డలు (వేరుశనగలు), మజ్జిగ పెట్టండి. మాంసం తినేవాళ్ళైతే చేపలు, కోడి కూర పెట్టొచ్చు. రాగి సంగటి షుగర్‌కు మందు అనుకుని రెండు ముద్దలు లాగించడమూ పొరపాటే, ఒక చిన్న ముద్ద, దాని పక్కన ఎక్కువ ఆకుకూర, పప్పు. ఒక్క జాగ్రత్త: కిడ్నీ పరీక్ష చేయించండి. క్రియాటినిన్ ఎక్కువ ఉంటే ప్రోటీన్ ఎంత పెట్టాలో డాక్టరు చెప్పిన లెక్కే పాటించండి.

పుండు మానుతోందో లేదో కంటి అంచనా మీద వదలొద్దు. వారానికోసారి శుభ్రమైన పల్చటి ప్లాస్టిక్ కాగితం రెండు పొరలుగా పైన పెట్టి, పుండు అంచు వెంబడి స్కెచ్ పెన్నుతో గీత గీయండి. పుండును తాకే కింది పొరను ముందే ఉడికించిన గుడ్డతో తుడవండి, గీశాక ఆ పొర తీసేసి పారేయండి. గీత ఉన్న పై పొర మీద తేదీ రాసి దాచండి. ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి. నాలుగు వారాలకు పుండు వైశాల్యం దాదాపు సగానికి తగ్గాలి. అట్లా తగ్గితే మూడు నెలల్లోపు మూసుకుపోయే అవకాశం బాగా ఉంది. తగ్గకపోతే మందు మార్చమని కాదు, కారణం మళ్ళీ మొదటి నుంచి వెతకమని డాక్టరును అడగండి. రక్తమా, ఎముకలో చీమా, లేక రాత్రిపూట కట్టుతో నడుస్తున్నాడా?

ఎడమకాలు మరిచిపోవద్దు. కుడికాలికి విశ్రాంతి ఇస్తే బరువంతా ఎడమకాలు మోస్తుంది, ఆ పాదమూ మొద్దే. రోజూ సాయంత్రం దాన్నీ వేళ్ళ సందుల్లో కూడా చూడండి. ఇంకో సంగతి, పుండు ఏమీ లేకుండానే పాదం ఉన్నట్టుండి ఎర్రగా, వేడిగా వాచి, నొప్పి పెద్దగా లేకపోతే అది బెణుకు అనుకోకండి. మొద్దుబారిన పాదంలో ఎముకలు కూలిపోయే జబ్బు ఒకటుంది. నడవనివ్వకుండా వెంటనే తీసుకురావాలి.

పుండు మూసుకున్న రోజు మీరంతా సంతోషిస్తారు, నేనూ సంతోషిస్తాను. కానీ ఇలాంటి పుండ్లు మానాక ఏడాదిలోపు నూటికి 40 మందికి మళ్ళీ వస్తాయి. చర్మం మూసుకుంది గానీ స్పర్శ తిరిగి రాలేదు కదా. అందుకని మానాక కూడా ఎంసీఆర్ చెప్పులు వేయాలి. మెత్తటి రబ్బరుతో, మడమ వెనక పట్టీతో ఉంటాయి. మొదట కుష్ఠు రోగుల కోసం వాడినవే ఇవి. హవాయి చెప్పులు వద్దు, బొటనవేలి పట్టీ ఒరుసుకుంటుంది. ఇంట్లో కూడా ఒట్టి కాళ్ళతో నడవొద్దు. చెప్పులు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. వేసుకునే ముందు ప్రతిసారీ బోర్లించి దులపాలి. మన చేలగట్ల మీద సర్కారు తుమ్మ ముళ్ళు టైరు అట్టలోంచి కూడా దిగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో గుడికి పోతే మధ్యాహ్నం బండల మీద నడిపించకండి, ఆయనకు కాలేది తెలియక అరికాలంతా బొబ్బలెక్కుతుంది. ఉగాదికి శ్రీశైలం పాదయాత్ర అంటే ఈ ఏడాదికి బస్సులో పోయి దర్శనం చేసుకోమనండి. మల్లన్న ఏమీ అనుకోడు.

చివరగా, "చెప్తే వినడు" అని రాశారు కదా. ఆయన వినకపోవడం మొండితనమే కాదమ్మా. నొప్పి లేని జబ్బును నమ్మడం ఎవరికైనా కష్టం. పైగా పంట ఉంది, నీళ్ళ వంతు ఉంది, కూలీలను చూసుకోవాలి. "నడవొద్దు" అంటే ఆయనకు "నీ పని అయిపోయింది" అన్నట్టు వినిపిస్తుంది. అందుకని ముందు ఆ పనికి మనిషిని చూపించండి. మీ ఆయన గానీ, పంటలో వాటా ఇచ్చి పెట్టుకునే మనిషి గానీ రెండు నెలలు చేను చూసుకుంటే, గట్టు మీద మంచం వేసి ఆయన్ని ఆటోలోనో బండి మీదో తీసుకుపోయి కూర్చోబెట్టండి. కాలు దిండు మీద పెట్టుకుని కూర్చుని అజమాయిషీ చేయమనండి. కూర్చుని చెప్పే పెద్దరికం ఆయనకు ఉండనే ఉంది. ఆ చెప్పు అట్ట మీది మరకను కూడా ఒకసారి ఆయన చేతికిచ్చి చూపించండి.

నాలుగు వారాల తర్వాత ఆ గీతల కాగితాలు, డాప్లర్ రిపోర్టు నాకు పంపండి. వేలి సంగతి అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం.